రెండు రోజులే కదా!

మొన్న మా ఆడబిడ్డ కొడుకు పెళ్ళిలో, భోజనాల పందిట్లో, మా ఆయన స్నేహితుల జట్టు మళ్ళీ మొదలుపెట్టింది. "ఈసారి అమెరికాలో అంట బావా, 2026 జూన్‌లో. వీసాకు ఇప్పుడే పెట్టుకోవాల." ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు సంగతి. అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాల్లో కలిపి ఆడతారంట. మన రొయ్యల మీద 2025 ఆగస్టులో 50 శాతం సుంకం వేసిన దేశానికి, రొయ్యల డబ్బుతోనే టికెట్లు కొనుక్కుని పోతారన్నమాట. నేను రసం పోయించుకుంటూ అంతా వింటున్నా. పక్కనే కూర్చున్న మా అత్తమ్మ, "పోనీలే, మొగపిల్లోళ్ళు, ఏదో సరదా. రెండు రోజులే కదా" అంది.

అమెరికాకు రెండు రోజుల్లో ఎవరు పోయొస్తారో నాకు తెలియదు. ఆమె కొలత ఎప్పుడూ అంతే. మగవాళ్ళ సరదా ఎన్నాళ్ళు సాగినా రెండు రోజులే. ఆ "మొగపిల్లోళ్ళు" అందరూ యాభై దాటినవాళ్ళని కూడా చెప్పాలి.

ఆ "రెండు రోజులే కదా" అన్న మాట నేను వినడం అదే మొదటిసారి కాదు. 2022 డిసెంబర్‌లో ఒకసారి విన్నా. అప్పుడు ఊరుకున్నా. ఇప్పుడు ఊరుకోదలచలేదు. అందుకే ఇదంతా రాస్తున్నా.

మాది మైపాడు వైపు. ఇంట్లోంచి చూస్తే సముద్రం కనపడదు కానీ రాత్రిపూట హోరు వినపడుతుంది. మూడు రొయ్యల గుంటలు. ఒకటి సొంతం, రెండు కౌలు. మా ఆయనకు పిన్ని కొడుకు ఒకాయన దోహాలో ఇంజనీరు. ఖతర్‌లో ప్రపంచ కప్పు అనగానే ఈయనకూ, ఇంటర్ నాటి స్నేహితులు ముగ్గురికీ కాలు నిలవలేదు. మద్రాసు నుంచి దోహా అయిదు గంటల ప్రయాణం కూడా ఉండదు. గురువారం రాత్రి పోవడం, శుక్రవారం ఒక మ్యాచ్, శనివారం ఒక మ్యాచ్, ఆదివారం ఇంట్లో భోజనం. అదీ పథకం. మనిషికి లక్షా అరవై వేలు.

నేనేమీ అడ్డం చెప్పలేదు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ఉన్న పిచ్చి నాకు తెలుసు. 1986లో ఊరందరికీ ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో, పన్నెండేళ్ళ పిల్లాడు రాత్రిపూట దూరదర్శన్‌లో మారడోనాను చూసి అర్జెంటీనావాడైపోయాడు. నన్ను చూడటానికి పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా మా అన్నతో ఆ కబురే. ఇష్టం అంటూ ఒకటి ఉన్న మనిషి మంచివాడే అవుతాడని మా అమ్మ అప్పట్లో అంది. ఆ మాట ఇప్పటికీ నమ్ముతా. బట్టలు ఇస్త్రీ చేసిపెట్టింది నేనే. నాలుగు డబ్బాల్లో గోంగూర పచ్చడి, కరివేపాకు పొడి కట్టిపెట్టిందీ నేనే.

కానీ ఆ గురువారం నాటికే తుపాను కబురు వచ్చేసింది. మాండూస్ అని పేరు కూడా పెట్టారు. "అది మద్రాసు కిందకు పోతుందంట. మనకు ఉత్త వానే. కరెంటు పోతే జనరేటర్ ఉండాది, పెద్దాయన ఉండాడు. రెండు రోజులే కదా" అన్నాడు మా ఆయన, బూట్లు వేసుకుంటూ. తుపాను నిజంగానే మద్రాసు కిందకే పోయింది, మహాబలిపురం దగ్గర తీరం దాటింది. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఉత్త వానే మనకు.

రొయ్యల గుంట ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళకు ఉత్త వాన అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం కాస్త చెబుతా. గుంటలో ఉప్పునీళ్ళ మీద మంచినీళ్ళు పడితే అవి పైపొరగా తేలి నిలబడతాయి. కింద గాలి ఆడదు. మబ్బు పట్టి ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ ముందే తగ్గి ఉంటుంది. ఏరియేటర్లు తిరుగుతూ ఉంటే రొయ్య బతుకుతుంది. కరెంటు పోయి అవి ఆగితే, డెబ్బై రోజులు పెంచిన రొయ్య ఒక్క రాత్రికి గట్టు పక్కకు వచ్చి మూతులు పైకెత్తి తేలుతుంది. తెల్లారేసరికి తెల్లగా అడుగున పడి ఉంటుంది. అందుకే వాన మొదలవగానే మేత ఆపేయాలి. తూము పై పలకలు తీసి పైనీళ్ళు పోనివ్వాలి. సున్నం చల్లాలి. జనరేటర్‌లో డీజిలు ఉందో లేదో గంటగంటకూ చూడాలి. ఇవన్నీ నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అన్నం క్యారియర్ పట్టుకుని గట్ల మీద ఇరవయ్యేళ్ళు తిరిగితే వచ్చాయి.

శుక్రవారం, అంటే 9వ తేదీ, రాత్రి పదిన్నరకు కరెంటు పోయింది. పాపను అత్తమ్మ దగ్గర వదిలి, గొడుగు పనికిరాదని మేతసంచి నెత్తిన కప్పుకుని నేను గుంటల దగ్గరకు పోయా. కాపలా పెద్దాయనకు అరవై ఏళ్ళు. చలికి వణుకుతూ జనరేటర్ తిప్పుతున్నాడు. అది రెండు గుంటల ఏరియేటర్ల బరువు మోస్తుంది. మూడో గుంట తగిలించగానే దగ్గుతుంది, ఆగుతుంది. మనిషిని పిలుద్దామంటే ఆ వానలో వచ్చే ఎలక్ట్రీషియన్ ఎవరు? రెండు గుంటలకు పెట్టి, గంటకోసారి ఒకదాన్ని ఆపి మూడోదానికి మార్చడం మొదలుపెట్టాం. ఏ గుంటను ఎంతసేపు ఆపాలో తేల్చాల్సింది నేను. కౌలు గుంటల్లో ఇంకొకరి డబ్బు కూడా ఉంది. సొంత గుంటలో మా పాప చదువు ఉంది. టార్చిలైటు పట్టుకుని నిలబడి, ఏ పిల్లకు గాలి ఇవ్వాలి, ఏ పిల్లకు ఆపాలి అని చూసుకోవడం లాంటిదది.

పన్నెండు ముప్పావుకు ఆయనకు ఫోన్ చేశా. ఏ గుంటను వదిలేయమంటారో ఒక్క మాట చెప్పమని. మన టైము పన్నెండున్నరకే మ్యాచ్ మొదలైందని నాకు తర్వాత తెలిసింది. తుపాను అక్కడ తీరం దాటడం, వీళ్ళు అక్కడ విజిల్ వినడం ఇంచుమించు ఒకే వేళకు జరిగాయి. ఫోన్లో సముద్రం కన్నా పెద్ద హోరు. "వినపడటంలా, మళ్ళా చేస్తా" అన్నాడు. మళ్ళీ చేసేలోగా టవర్ పోయింది. చేశాడో లేదో ఈ రోజుకూ నాకు తెలియదు. చేశాననే అంటాడు.

ఆ మ్యాచ్ గురించి తర్వాత ఎన్నిసార్లు విన్నానో, నేనే అక్కడ ఉన్నంత బాగా చెప్పగలను. లుసైల్ స్టేడియం, బంగారు గిన్నెలా ఉంటుంది, 88 వేల మంది పడతారు. అర్జెంటీనా, నెదర్లాండ్స్. మెస్సీ పెనాల్టీతో అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది. ఇక అయిపోయిందనుకున్నాక నెదర్లాండ్స్ ఒకటి కొట్టింది. అదనంగా ఇచ్చిన సమయం కూడా అయిపోవచ్చాక రెండోది కొట్టింది. ఆఖరికి పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది. గోల్‌కీపర్ రెండు ఆపాడు. "ఊపిరి ఆడలేదే నాకు, నిజంగా ఊపిరి ఆడలా" అంటాడు మా ఆయన ఆ చోటికొచ్చేసరికి.

ఊపిరాడకపోవడం అంటే ఏంటో ఆ వేళకు మూడో గుంట గట్టు మీద నేనూ చూస్తూ ఉన్నా.

తెల్లారేసరికి రెండు గుంటలు నిలబడ్డాయి. మూడోది, కౌలుదే, పైకి తేలింది. ఇక ఆగితే మొత్తం పోతుందని, కొనేవాళ్ళకు కబురు పెట్టి, ఆ వానలోనే మనుషుల్ని పిలిచి పట్టించేశా. చిన్న కౌంట్, పండగ రేటు కాదు. పెట్టుబడిలో మూడొంతులు వచ్చింది. శనివారం సాయంత్రానికి నా చేతుల్లో సున్నం కాలిన బొబ్బలు. అప్పుడు టవర్ తిరిగి వచ్చి ఒక వీడియో తెరుచుకుంది. నలుగురు మగవాళ్ళు, నీలం తెలుపు చారల చొక్కాలు, ముక్కూ మొహం తెలియని అర్జెంటీనావాళ్ళ భుజాల మీద చేతులేసి గంతులు. నిజం చెప్పాలంటే చూడముచ్చటగా ఉన్నారు. మా ఆయనను అంత సంతోషంగా నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆదివారం వచ్చాడు. అంతా విన్నాడు. గట్ల మీద ఒక చుట్టు తిరిగొచ్చి ఒకే మాట అన్నాడు. "నేనుండుంటే ఆ గుంట పొయ్యేది కాదు."

అక్కడ ఆగాలి నేను. ఈ మాట మీలో ఎంతమంది విన్నారో చెప్పండి. పిల్లాడికి జ్వరం ముదిరినప్పుడు, మామగారు జారిపడినప్పుడు, పాలవాడితో గొడవైనప్పుడు. "నేనుండుంటే." ఉండలేదు కదండీ! నిలబడిన రెండు గుంటల్ని మా అత్తమ్మ దేవుడి ఖాతాలో వేసింది, మా ఆయన జనరేటర్ ఖాతాలో వేశాడు. పోయిన గుంట మాత్రం నా ఖాతాలో పడింది.

పంట లెక్కలు చూసేది నేనే. నోటు పుస్తకంలో ఆ నెల ఖర్చుల కింద ఒక వరస రాశా. "డిసెంబర్ 9, 10. రాత్రి కాపలా. ఒక మనిషి. 1200." ఆ పెద్దాయనకు మేమిచ్చే రేటే. కౌలు గుంటలో భాగస్తుడు, వరసకు మా ఆయనకు బావ, లెక్క చూస్తూ దాని దగ్గర ఆగాడు. "ఎవరమ్మా ఈ మనిషి?" అన్నాడు. "నేనే" అన్నా. ఇద్దరూ నవ్వారు. "ఇంటి మనిషికి కూలేంది?" అని ఆయన పెన్ను తీసి ఆ వరస కొట్టేశాడు. మా ఆయన లక్షా అరవై వేలు ఎందులోంచి తీశాడో అది ఏ పుస్తకంలోనూ లేదు, దాన్ని కొట్టేసేవాళ్ళూ లేరు. గీత కింద నా 1200 ఇంకా కనపడుతూనే ఉంది. పుస్తకం దాచిపెట్టా.

సరే, ఇంతవరకూ చెప్పింది చదివి "మగవాళ్ళంతా ఇంతేనమ్మా" అని నిట్టూర్చి పోపు వేసుకోవడానికి వెళ్ళిపోకండి. నేను చెప్పదలచింది అది కాదు. అది మన అమ్మలకూ తెలుసు.

మా కాపలా పెద్దాయన కోడలు కువైట్‌లో ఉంది. ఇంటిపని. పోయి నాలుగేళ్ళప్పుడు, మధ్యలో ఒక్కసారే వచ్చింది. ఆమె పంపిన డబ్బుతో వాళ్ళు రెండు గదుల స్లాబు వేసుకున్నారు. ఆ శుక్రవారం రాత్రి, టవర్ పోకముందు, పెద్దాయన ఫోన్‌కు ఆమె మాట ఒకటి వచ్చింది. ఆయన నాకు వినిపించాడు. "మామా, తుపానంట గదా. గుంటల కాడ జాగర్త. పిలకాయల్ని బయటికి పంపబాకండి." ఆ రాత్రి మాకు తెలిసిన ఇద్దరు మనుషులు ఆ ఎడారి దేశాల్లో ఉన్నారు. ఒకరు అడిగారు.

మా ఆయన కూడా పోయేటప్పుడు విమానంలో పక్క సీట్లో ఒకామెను చూశాడట. రాజంపేట వైపు మనిషి. దోహాలో దిగి, అక్కడ మారి కువైట్ పోవాలి. మొదటిసారి. బెల్టు పెట్టుకోవడం తెలియక చేతిలో పట్టుకుని కూర్చుంటే ఈయనే పెట్టాడు. "ఇద్దరు పిలకాయల్ని తల్లి దగ్గర ఇడిసిపెట్టి పోతా ఉండాదే పాపం. రెండేళ్ళ అగ్రిమెంటంట" అని జాలిపడ్డాడు. ఆయన జాలి నిజమైనదే. ఒకే విమానం, ఒకే వరస. ఒకరిది రెండు రోజులు, ఒకరిది రెండేళ్ళు. ఆమెకు రెండేళ్ళు ఎవరిచ్చారు? ఇంట్లోవాళ్ళే. మొగుడు, అత్తమామలు, అన్నదమ్ములు అందరూ కూర్చుని మాట్లాడుకునే పంపి ఉంటారు. పదో తరగతి గట్టెక్కని ఆడవాళ్ళు ఆ దేశాలకు పనికి పోవాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. అంటే సరిగ్గా ఇంట్లో చిన్నపిల్లలుండే వయసు.

నన్ను ఆలోచింపజేసింది అదీ. మన కడప, నెల్లూరు, గోదావరి జిల్లాల ఇళ్ళు ఆడదాన్ని గడప దాటనివ్వవు అనేది వట్టి మాట. సముద్రాలు దాటిస్తాయి. భాష రాని దేశానికి, ముక్కూ మొహం తెలియని ఇంటికి, రెండేళ్ళకు పంపిస్తాయి. అప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, అమ్మమ్మ ఉంటుంది. వంట ఎవరు చేస్తారన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది, మామ గంజి కాచుకోవడం నేర్చుకుంటాడు. పరువు ఏమవుతుందన్న ప్రశ్న అసలు లేవదు. ఆమె పోయేది సంపాదించడానికి. అదే మనిషి రెండు రోజులు నవ్వుకోవడానికి పోతానంటే ఆ మూడు ప్రశ్నలూ ఒక్కసారే లేచి నిలబడతాయి. కాబట్టి అడ్డం దూరం కాదు, పిల్లలు కాదు, సంప్రదాయం అసలే కాదు. మనకు ఊరికే పోయే హక్కు లేదు, అంతే.

నా సంగతే చెబుతా. నెల్లూరులో నాతో డిగ్రీ చదివిన ఆరుగురం, 2019లో పాండిచ్చేరికి రెండు రోజులు పోదామనుకున్నాం. పరదేశం కూడా కాదు. మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. ఆ ముక్క గట్టిగా రాస్తున్నా, ఎవరూ వద్దనలేదు. "పో, ఎవరొద్దన్నారు" అన్నాడు మా ఆయన. అత్తమ్మ బీపీ మాత్రల డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది, ఏమీ అనకుండా. పాప "నాకు జడ ఎవరేస్తారు?" అంది. నేను రెండు రోజుల సాంబారు, నాలుగు కూరలు, దోసెపిండి, చీటీల మీద పేర్లు రాసి ఫ్రిజ్‌లో సర్దుతూ సర్దుతూ, గురువారం రాత్రికి అలిసిపోయి, నడుం పట్టేసిందని ఫోన్ చేసి మానేశా. మిగతా అయిదుగురిలో ముగ్గురు కూడా ఇలాగే మానేశారు. పోయిన ఇద్దరిలో ఒకామె ఫోటోలు పెడితే నేనేమన్నానో తెలుసా? "పిల్లల్ని ఎక్కడ వదిలిందో ఏమో." నా నోటితో నేనే అన్నా. మా అత్తమ్మ అనలేదు, మా ఆయన అనలేదు.

మనలోనూ ఉంది రోగం. మగవాడు దోహా పోతుంటే పచ్చళ్ళు కడతాం. మనలో ఒకతి పోతుంటే పిల్లల లెక్క అడుగుతాం.

మా నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో, ఏటా రొట్టెల పండగ జరుగుతుంది. మీకు తెలిసిందే. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇంటి రొట్టె, విదేశాలకు పోయే రొట్టె కూడా ఉంది. నీళ్ళలో నిలబడేవాళ్ళలో సగానికి పైగా మన ఆడవాళ్ళే కనపడతారు. నేనూ మూడుసార్లు రొట్టె తీసుకున్నా, మూడుసార్లూ ఇంకొకరి కోసమే. మొగుడి పంట కోసం, పాప చదువు కోసం, అత్తమ్మ ఆరోగ్యం కోసం. సెలవు రొట్టె అని ఎవరైనా కేక వేస్తారేమోనని పోయినసారి చెవులు పెట్టి విన్నా. లేదు.

కొంతమంది అంటారు, ఇరాన్‌లో చూడమ్మా, అక్కడైతే ఆడవాళ్ళను స్టేడియంలోకే రానివ్వలేదు, మనకు ఎంత స్వేచ్ఛ ఉందో అని. నిజమే. నలభై ఏళ్ళ దగ్గర అక్కడ మగవాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఆడవాళ్ళను దాదాపు రానివ్వలేదు. 2019లో సహర్ ఖోదాయారీ అనే అమ్మాయి మగవేషం వేసుకుని మ్యాచ్ చూడబోయి పట్టుబడింది. జైలు తప్పదేమోనని భయపడి కోర్టు బయట ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ తర్వాత నెలలో, అక్టోబర్‌లో, టెహ్రాన్‌లో కాంబోడియాతో మ్యాచ్‌కు ఆడవాళ్ళకు టికెట్లు అమ్మారు. పాప ఇది చదివి వినిపించినప్పుడు చెయ్యి ఆగిపోయింది నాకు. కానీ ఆ పోలికతో మన నోరు మూయడం ఏం న్యాయం? వాళ్ళను చట్టం ఆపింది, అందుకని వాళ్ళకు కొట్లాడటానికి ఎదురుగా ఒకటి ఉంది. నన్నాపింది ఫ్రిజ్. దానిమీద ఎక్కడ కేసు పెట్టను?

ఇంకొక మాట కూడా వస్తుంది, నాకు తెలుసు. "ఆయన ఏడాదంతా ఎండలో కష్టపడతాడు, రెండు రోజులు సేదతీరొద్దా?" తీరాలి. ఆ డిసెంబర్ 18న ఫైనల్ ఇంట్లో టీవీలోనే చూశాం. అర్జెంటీనా ఫ్రాన్స్‌ను పెనాల్టీల్లో గెలిచి మెస్సీ కప్పు పట్టుకున్నప్పుడు మా ఆయన ఏడ్చాడు. అంతకు వారం ముందు ఆ మనిషి అన్న మాట నా గుండెలో ముల్లులా ఉంది, అయినా మంచినీళ్ళు తెచ్చిచ్చా. నాలుగు పదుల ఏళ్ళు ఒకదాని కోసం ఎదురుచూసిన మనిషికి అది దక్కితే ఎలా ఉంటుందో చూశా. నాకు అసూయ కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నా. ఆ పోయిన డబ్బు మీద కాదు, అలా ఎదురుచూడటానికి తనకంటూ ఒకటి ఉన్నందుకు. నేను దేనికోసం ఎదురుచూస్తున్నానో నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

సేదతీరడం అనే మాటకు వస్తే, ఒక మనిషి రెండు రోజులు సేదతీరితే ఆ రెండు రోజుల పని ఆవిరైపోదు. ఎవరో చేస్తారు. ఆ ఎవరో అన్నది పుస్తకంలో రాయాలి. కూలి ఇవ్వకపోయినా రాయాలి. రాస్తే వచ్చే నెల ఆమె వంతు కనపడుతుంది. కొట్టేస్తే ఎప్పటికీ రాదు. పెళ్ళి పందిట్లో నేను అన్నదీ ఇదే. అందరి ముందూ కాదులెండి, చేతులు కడుక్కునే చోట. "అమెరికా పోండి. ఈసారి ఏ నెలలో ఏ పంటో చూసి, కరెంటు పోతే ఎవరొస్తారో మనిషిని మాట్లాడి, ఆ కూలి కట్టి పోండి. నాకు ఆ నెలలో పని ఉంది."

"నీకేం పని?" అన్నాడు.

"నేనూ పాపా రెండు రోజులు ఎక్కడికో పోతున్నాం."

"ఎక్కడికి?"

"ఇంకా అనుకోలా."

ఆయనకు అదే అర్థం కాలేదు. తిరుపతి అంటే అర్థమయ్యేది. ఆస్పత్రి అంటే అర్థమయ్యేది. మా అన్నవాళ్ళింటికి అన్నా సరేననేవాడు. ఎక్కడికో తెలియకుండా పోవడం ఏందని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు తనే, "కొలంబో అయితే మద్రాస్ నించి గంటన్నరేనంట" అని ఫోన్ చూసి చెప్పాడు. అదీ మనిషి. చెడ్డవాడైతే ఈ గొడవ చాలా సులువుగా ఉండేది.

పాపకు ఇప్పుడు పదిహేడు. దానికి తండ్రి పిచ్చి అంటుకుంది. ఆ 2022 కప్పులో ఫ్రాపార్ అనే ఫ్రాన్స్ ఆవిడ మగవాళ్ళ మ్యాచ్‌కు రిఫరీగా నిలబడిందని, ప్రపంచ కప్పులో అలా మొదటిసారి జరిగిందని నాకు చెప్పింది అదే. 2025లో మన ఆడపిల్లల జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే గెలిచి ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకుందని గెంతింది కూడా అదే. ఎక్కడికి పోయినా ఏదో ఒక మ్యాచ్ ఉండాలంటుంది. ఉంటే చూస్తాం. లేకపోతే సముద్రం ఒడ్డున కూర్చుంటాం, గుంటలు లేని సముద్రం ఒడ్డున.

ఇద్దరికీ పాస్‌పోర్టుకు పెట్టా. పోయిన వారం వెరిఫికేషన్‌కు ఒకాయన ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీ వేశా, మజ్జిగ ఇచ్చా. ఆధార్ కార్డు, నా డిగ్రీ సర్టిఫికెట్ చూశాడు. ఫోటో చూసి నన్ను చూశాడు. తల పైకెత్తి స్లాబు వైపు, వరండాలో మోటారుసైకిల్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"కువైట్‌కామ్మా?"

"కాదు."

"మరి దుబాయా? ఏజెంటు ఎవురు?"

"ఏజెంటు లేడు. పనికి కాదు."

"మరెందుకు?"

"ఊరికే" అన్నా.

పెన్ను పట్టుకుని కాసేపు అలాగే చూశాడు. "ఊరికేనా?"

"ఊరికే."